చోకు తీస్తే ఆగిపోతోంది, వేడి మీద మళ్లీ అంటుకోవడం లేదు – ఫోర్ స్ట్రోక్ నీటి ఇంజను

వంశధార ఒడ్డు | గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. మా పొలం వంశధార పక్కనే ఉంది. కరెంటు లైను అక్కడి దాకా రాలేదు. వానలు వెనకబట్టాక వంగకూ టమాటాకూ ఏటి నీళ్లు తోడాలంటే పెట్రోలు ఇంజనే గతి. 163 సీసీ ఫోర్ స్ట్రోక్, రెండంగుళాల పంపు. పెద్ద కంపెనీ బండి కాదు, దానికి నకలుగా వచ్చిన రకం.

వానాకాలమంతా కొట్టంలో ఉంది. ఇప్పుడు బయటికి తీస్తే వరస ఇదీ. చోకు మూసి తాడు లాగితే అంటుకుంటుంది. చోకు తెరవగానే దగ్గి ఆగిపోతుంది. సగం చోకులో ఉంచితే నడుస్తుంది గానీ శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. అలాగే కాసేపు నడిపి ఆపానంటే వేడి మీద మళ్లీ అంటుకోదు. పూర్తిగా చల్లారాక మళ్లీ మొదటి తాడుకే అందుకుంటుంది. మెకానిక్కు దగ్గర ఇప్పుడు ఊరందరి ఇంజన్లూ వరసలో ఉన్నాయి. నారు ఆగదు. స్పానర్లు పట్టుకోవడం వచ్చు, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. ఇంట్లో చేసుకోగలిగే పనేనా?

రాయగడ స్పేర్స్ | రాయగడ

వేడెక్కితే అంటుకోదు, చల్లారితే అంటుకుంటుంది అంటే ప్లగ్గుకు రవ్వ కరెంటు ఇచ్చే కాయిల్ పోయినట్టే. వేడికి లోపలి చుట్ట తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. కాయిల్, ప్లగ్గు రెండూ మార్చేయండి. నా దగ్గర ఉన్నాయి.

సునాబేడ ఫిట్టరు | సునాబేడ, కొరాపుట్ జిల్లా

బాబూ, కాయిల్ కొనడానికి రేపు కూడా కొట్టు తెరిచే ఉంటుంది. ముందు మీరు రాసింది మళ్లీ చదువుకోండి. అందులో ఒక జబ్బు కాదు, రెండు ఉన్నాయి. చోకు తీస్తే ఆగిపోవడం ఒకటి. వేడి మీద అంటుకోకపోవడం ఇంకొకటి. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. కలిపి వైద్యం చేస్తే ఏ మందు పని చేసిందో తెలియదు.

చోకు మూస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చోకుతోనే నడుస్తోందంటే మామూలుగా అందాల్సినంత పెట్రోలు అందడం లేదని అర్థం. జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న ముక్క, మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బురేటర్‌కూ హెడ్డుకూ మధ్య గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తూ ఉండాలి. శబ్దం ఊగడం కూడా దాని పిల్లే. పెట్రోలు తగ్గి ఇంజను నెమ్మదించగానే, వేగం నిలకడగా ఉంచే గవర్నరు థ్రాటిల్ (గాలి తలుపు) తెరుస్తుంది, అది ఎగబడగానే మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. గవర్నరు స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దు. దాన్ని గుంజి ‘సరిచేసిన’ ఇంజన్లు కనెక్టింగ్ రాడ్డు విరిగి నా దగ్గరికి వచ్చాయి.

మూడు సంగతులు చెప్పండి. ట్యాంకులో పెట్రోలు ఎప్పటిది? ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తోందా? ఎయిర్ ఫిల్టర్ లోపల ఏముంది?

వంశధార ఒడ్డు

మాస్టారూ, పెట్రోలు వానలకు ముందు పోసింది. సగం ట్యాంకు అలాగే ఉండిపోయింది. ఆయిల్ నల్లగా ఉంది, పెట్రోలు వాసన లేదు. ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే కందిరీగలు మట్టిగూడు కట్టి ఉన్నాయి! దులిపేశాను. ఫోము ముక్క బాగానే ఉంది.

మహేంద్రతనయ | పర్లాకిమిడి, గజపతి జిల్లా

మట్టిగూడు కనిపించింది కాబట్టి ట్యాంకు మూతలోని గాలి రంధ్రమూ సైలెన్సరు నోరూ కూడా చూడండి. మూత రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో గాలి ఆడక, కాసేపు నడిచాక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. మూత వదులు చేసి నడిపితే తేలిపోతుంది. ఖర్చు లేని పరీక్ష.

ఇక ఆ పెట్రోలు. నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి ఈ ముక్క నాకు వదిలేయండి. మన దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ లక్ష్యం 2022 జూన్‌లో చేరింది. 20 శాతం కలిపింది 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇప్పుడు దాదాపు ఎక్కడ కొట్టించినా అదే. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. గజపతి, రాయగడ వైపు వానాకాలపు గాలి సంగతి మీకు చెప్పాలా? సగం ఖాళీ ట్యాంకులో అన్ని నెలలు ఉంటే నీరు చేరుతుంది. ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలును వదిలి అడుగుకు దిగుతాయి. కార్బురేటర్ పీల్చేది అడుగు నుంచే. అల్యూమినియం గిన్నెలో తెల్లటి బూజులాంటి పొడి, ఇత్తడి జెట్ల మీద పచ్చటి పూత కనిపిస్తే అది దాని పనే.

ఇంకో చిన్న సంగతి. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి అదే లీటరు పెట్రోలు కంటే మూడో వంతు దాకా తక్కువ. జెట్టు రంధ్రం మాత్రం మారదు. అందుకని పాత ఇంజను ఈ పెట్రోలుతో ఎప్పుడూ కొంచెం ‘ఆకలి’ మీదే నడుస్తుంది. జెట్టు కాస్త మూసుకున్నా వెంటనే బయటపడుతుంది. పాత ఇంజన్ల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం వరకే అని రాసి ఉండేది ఊరికే కాదు. రబ్బరు పైపులు ఉబ్బడం, మెత్తబడడం కూడా చూస్తూ ఉండండి.

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి జిల్లా

అక్కా, ఇథనాల్ ఎంత ఉందో ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? మా దగ్గర బంకు చాలా దూరం. డబ్బాల్లో తెచ్చి అమ్మేవాళ్ల దగ్గరే కొంటాం. వాళ్లు ఏం కలుపుతారో దేవుడికి ఎరుక.

మహేంద్రతనయ

ఉంది తమ్ముడూ. గుర్తులున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మూత బిగించి ఊపి నిలబెట్టు. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 20 దగ్గర ఉంటే సుమారు 10 శాతం, 30 దగ్గర ఉంటే సుమారు 20 శాతం. మధ్య మధ్య మూత వదులు చేయి, ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. పొయ్యికి దూరంగా, బయట చేయి. ఆ పెట్రోలు మళ్లీ ఇంజనులో పోయకు. కిరోసిన్ కలిపారేమో అన్నది మాత్రం దీనితో తేలదు.

సునాబేడ ఫిట్టరు

టీచరమ్మగారు చెప్పాక నేను చెప్పేందుకు మిగిలింది విప్పే వరసే. వంశధార బాబూ, రాసుకోండి.

ఇంజను చల్లగా ఉండాలి. ఆరుబయట పెట్టండి. పెట్రోలు కాక్ మూసి పాత పెట్రోలంతా డబ్బాలోకి వంచేయండి. కాక్ కింద చిన్న గిన్నె ఉంటుంది, మట్టీ నీరూ మొదట చేరేది అక్కడే. దాన్ని విప్పి తుడవండి, దాని రబ్బరు రింగు పోగొట్టుకోకండి. తర్వాత కార్బురేటర్ కింది గిన్నెకు మధ్యలో పెద్ద బోల్టు. తీస్తే గిన్నె ఊడి వస్తుంది, పెట్రోలు మీద తేలే ఫ్లోటు కనిపిస్తుంది. ఫ్లోటు ఇరుసు పిన్ను లాగితే ఫ్లోటూ నీడిల్ వాల్వూ కలిసి వస్తాయి. నీడిల్ మొన మీద గాడి పడి ఉంటే మార్చాలి. లేకపోతే ఆగి ఉన్నప్పుడు పెట్రోలు కారి సిలిండర్ గుండా ఆయిల్లోకి దిగుతుంది. వాసన అడిగింది అందుకే.

మధ్య స్తంభంలోకి టార్చి వేసి చూస్తే మెయిన్ జెట్టు. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి, గాటు చెడితే ఇక రాదు. దాని వెనకే పక్కలనిండా చిల్లులున్న ఇత్తడి గొట్టం జారి పడుతుంది. ఆ చిల్లులన్నీ వెలుతురుకు పెట్టి చూడండి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. మీ జబ్బు ఉన్నది ఇంకో చోట. స్పీడు సర్దే స్క్రూ కింద, నల్ల ప్లాస్టిక్ తలతో, పైలట్ జెట్టు ఉంటుంది. స్క్రూ తీసి దాన్ని మెల్లగా పైకి లేపండి. దాని రంధ్రం వెంట్రుక దూరేంత. ముందు మూసుకుపోయేది అదే.

రంధ్రాల్లో గుండుసూది పెట్టొద్దు. ఉక్కు ఇత్తడిని కోస్తుంది, రంధ్రం పెద్దదైతే ఇంజను పెట్రోలు తాగుతుంది. కరెంటు వైరులోని సన్నని రాగిపోగు ఒకటి చాలు. కార్బురేటర్ క్లీనరు స్ప్రే కొట్టి, నానబెట్టి, పంక్చరు కొట్టులో గాలి పట్టించండి. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా ముఖానికే వస్తుంది.

బిగించేటప్పుడు కార్బురేటర్‌కు అటూ ఇటూ ఉన్న గాస్కెట్లు, మధ్యలో మందపాటి నల్ల ముక్క, ఏది ఏ వైపు ఉందో విప్పకముందే ఫోనులో ఫోటో తీసుకోండి. ఆ నల్ల ముక్క ఇంజను వేడి కార్బురేటర్‌కు ఎక్కకుండా ఉంచేది. తిప్పి పెడితే గాలి దారి మూసుకుపోతుంది.

మిరప మడి | ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

మాస్టారు గారూ, మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాది పాత కాలపు ఇంజను, పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసిన్‌కు మార్చే రకం. సాయంత్రం ఆపితే పొద్దున అంటుకోదు. ఇదే జబ్బా?

సునాబేడ ఫిట్టరు

కాదు. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కాసేపు నడిపి ఆపండి. లేకపోతే గిన్నెనిండా కిరోసిన్ ఉంటుంది, చల్లని ఇంజనులో అది ఆవిరి కాదు. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదిలి ఖాళీ చేసి పెట్రోలు పట్టించినా సరే. మీ ఇంజనును తక్కువ కంప్రెషన్‌తో (పిస్టన్ లోపలి గాలిని నొక్కే బిగువు) కిరోసిన్ కోసమే కట్టారు. మామూలు పెట్రోలు ఇంజన్లలో కిరోసిన్ కలిపి పొదుపు చేద్దామనుకునేవాళ్లు ఇది చదివి దారి పట్టకండి. కొట్టుకుంటుంది, ఆయిల్ పలుచబడుతుంది.

ప్రాణహిత

నాదీ ఒక అనుభవం. మా ఇంజను ఏటి ఒడ్డున వాలుగా పెడితే నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగేది. కరెంటు రావడం లేదని కాయిల్ మార్చాం, ప్లగ్గు మార్చాం. ఆఖరికి మంచిర్యాల తీసుకెళ్తే అక్కడి మెకానిక్కు రాతి మీద చదునుగా పెట్టి ఆయిల్ పోశాడు, అంతే. ఆయిల్ తగ్గితే ఇంజను ఆపేసే సెన్సరు లోపల ఉందట. వాలుగా పెడితే ఆయిల్ ఒక పక్కకు జరిగి, లేదనుకుని ఆపేస్తుంది.

సునాబేడ ఫిట్టరు

మంచి మాట. 163 సీసీ వాటిలో పట్టే ఆయిల్ సుమారు 0.6 లీటరే. ఇంజను చదునుగా పెట్టి, పుల్లను తిప్పి బిగించకుండా ఊరికే దూర్చి చూడాలి. కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు, వేడి మీదే మార్చాలి. 10డబ్ల్యూ-30 చిక్కదనం ఆయిల్ అని పుస్తకంలో ఉంది. మన ఎండలకు బైకుల్లో పోసే 20డబ్ల్యూ-40 పోసేవాళ్లే ఎక్కువ, నడుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. గడ్డి కోసే టూ స్ట్రోక్ మిషను ఇంట్లో ఉన్నవాళ్లు ఆయిల్ కలిపిన పెట్రోలును దీనిలో పోసేస్తారు. ప్లగ్గు నల్లబడి ఆగుతుంది. డబ్బాలు వేరుగా పెట్టి పెద్ద అక్షరాలతో రాయండి.

మంచుబండి హవల్దారు | బరంపురం, గంజాం జిల్లా

ఈ చర్చ చూస్తే లడఖ్ రోజులు గుర్తొచ్చాయి. అక్కడ మా పని మంచు మీద నడిచే స్కూటర్లు చూసుకోవడం. ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్. మా కాలంలో చాలావరకు టూ స్ట్రోకే, ఫోర్ స్ట్రోక్ తర్వాత వచ్చింది. ప్రపంచంలో కూడా అంతే. 2003 మోడలుగా యమహా ఆర్‌ఎక్స్-1 వచ్చాకే ఫోర్ స్ట్రోక్ మంచుబండి వేగంలోనూ నిలబడగలదని జనం నమ్మారు. అదే యమహా 2025 మోడలుతో ఈ వ్యాపారం ముగిస్తున్నట్టు 2023లో ప్రకటించింది.

మనకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, వాటికి నిద్ర వేసవిలో, మన నీటి ఇంజన్లకు నిద్ర వానాకాలంలో. లేచేటప్పుడు వచ్చే రోగాలు మాత్రం ఒకటే. పాత పెట్రోలు, మూసుకున్న జెట్లు, ఎయిర్ బాక్సులో ఎలుక గూడు. తేడా ఆయిల్లో ఉంది. సున్నాకు 30 డిగ్రీల కింద మన 20డబ్ల్యూ-40 పోస్తే అది ముద్ద కట్టి తాడు కదలదు. అందుకని అక్కడ 0డబ్ల్యూ-40 లాంటివి పోస్తారు. చలిలో కొద్దికొద్దిగా నడిపి ఆపేస్తే ఇంజను సరిగ్గా వేడెక్కక, నీటి ఆవిరీ కాలని పెట్రోలూ ఆయిల్లో చేరతాయి. పుల్ల మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగిందని మురిసిపోయేవాళ్లు కూడా ఉండేవారు. మూత కింద మీగడలాంటి తెల్లటి పూత కనిపిస్తే నీరు చేరినట్టే, అది ఎక్కడైనా.

కాఫీతోట | కొరాపుట్

హవల్దారు గారూ, ఎత్తు సంగతి కూడా చెప్పండి. మాది దాదాపు 870 మీటర్ల ఎత్తు. పార్వతీపురంలో తెచ్చిన ఇంజను ఇక్కడ నీరసంగా తోస్తుంది.

మంచుబండి హవల్దారు

నీరసమే. గాలి పలుచన. ప్రతి 300 మీటర్లకు సుమారు మూడున్నర శాతం బలం తగ్గుతుంది. మీ దగ్గర పదో వంతు పోయినట్టు. జెట్టు మార్చేంత ఎత్తు కాదు గానీ నీళ్లు పీల్చే ఎత్తులోనూ కోత పడుతుంది. సముద్రమట్టం దగ్గర లెక్క ప్రకారం 10.3 మీటర్లు, నిజంగా పని చేసేది ఏడెనిమిది. మీ దగ్గర అందులో ఇంకో మీటరు తీసేయండి. పంపును నీటికి దగ్గరగా దించి, పైకి తోసే గొట్టం పొడుగు పెంచుకోండి.

కాఫీతోట

అలాగే. మా బావిలో మెట్టు ఉంది, ఇంజనునే కిందికి దించి నడిపితే సరిపోతుందేమో.

మహేంద్రతనయ

వద్దు! బావిలోకి ఇంజను దించవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బావి గుంటలో అది నిలిచిపోతుంది. ఇంజను ఆపడానికి దిగిన మనిషి పైకి రాడు, అతన్ని తీయడానికి దిగిన రెండో మనిషీ రాడు. ఇలాంటి వార్త పేపర్లో ఏటా చూస్తున్నాం. తలుపు వేసిన కొట్టంలో నడపడం కూడా అంతే.

కాఫీతోట

ఆ ఆలోచన మానేశాను అక్కా. ఏటి వైపే చూస్తాను.

వంశధార ఒడ్డు

చేశాను. మాస్టారు చెప్పిన వరసలోనే. గిన్నె అడుగున తెల్లటి పొడి, జిగురు. పైలట్ జెట్టు పూర్తిగా మూసుకుపోయింది, వెలుతురు చుక్క కూడా కనిపించలేదు. రాగిపోగుతో తీసి, గాలి పట్టించి, కొత్త పెట్రోలు పోశాను. ట్యాంకు మూత రంధ్రం కూడా పొడిచాను. ఇప్పుడు చోకు తీసినా నడుస్తోంది, ఊగడం లేదు. నీళ్లు దండిగా వస్తున్నాయి.

కానీ రెండో జబ్బు అలాగే ఉంది. బాగా వేడెక్కాక ఆపితే మళ్లీ అంటుకోవడం లేదు.

రాయగడ స్పేర్స్

నేను మొదటి రోజే చెప్పాను.

సునాబేడ ఫిట్టరు

చెప్పారు. చెప్పింది నిజమో కాదో ప్లగ్గునే అడుగుదాం. ఇంజను వేడి మీద అంటుకోని ఆ క్షణంలోనే పరీక్ష చేయాలి. చల్లారాక చేస్తే అర్థం లేదు. పెట్రోలు కాక్ మూయండి. వేరే మంచి ప్లగ్గు ఒకటి చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. ఇంజనుకు బిగించి ఉన్న ప్లగ్గును అలాగే ఉంచి, దాని టోపీ మాత్రం తీసి ఈ రెండో ప్లగ్గుకు తొడగండి. మర ఉన్న భాగం ఇంజను లోహానికి ఆనించి, రబ్బరు పిడి కటింగ్ ప్లేయరుతో పట్టుకుని తాడు లాగండి. ప్లగ్గు రంధ్రం తెరిచి పెట్టి ఈ పని చేయకూడదు, లోపలి ఆవిరి అంటుకుంటుంది. నీడలో చూడండి. టపటపమని నీలి రవ్వ వస్తే కాయిల్ బాగుంది. రాకపోయినా, ఎర్రగా నీరసంగా వచ్చినా మన రాయగడ మిత్రుడే గెలిచినట్టు.

వంశధార ఒడ్డు

వేడి మీదే చూశాను. నీలి రవ్వ, గట్టి శబ్దంతో. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే.

సునాబేడ ఫిట్టరు

అయితే కరెంటు ఉంది, పెట్రోలు ఉంది, గాలి ఉంది. మిగిలింది కంప్రెషన్.

తాడు లాగి బరువు చూసి కంప్రెషన్ అంచనా వేయొద్దు. ఈ ఇంజన్లలో తాడు తేలికగా రావడానికి, మొదట్లో ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి పట్టే ఏర్పాటు, వాల్వులను నడిపే కామ్‌షాఫ్ట్ మీదే ఉంటుంది. అది ఉన్నంతసేపూ మంచి ఇంజనూ వదులుగానే తోస్తుంది. ప్లగ్గు టోపీ ఊడదీసి, తాడు కవరు విప్పి, ఫ్లైవీలును వెనక్కి, అంటే మామూలుగా తిరిగే వైపుకు ఎదురుగా, చేత్తో విసురుగా తిప్పండి. ఆ వైపు ఆ ఏర్పాటు పని చేయదు. కంప్రెషన్ ఉంటే ఎగిరి వెనక్కి తంతుంది. చల్లగా ఒకసారి, వేడి మీద ఒకసారి చేసి పోల్చండి.

వంశధార ఒడ్డు

చల్లగా ఉంటే తంతోంది. వేడి మీద మెత్తగా తిరిగి ఆగిపోతోంది. సైలెన్సరు లోంచి సన్నగా బుస్సుమని శబ్దం కూడా వినిపించింది.

సునాబేడ ఫిట్టరు

ఆ బుస్సుతో తేలిపోయింది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. ట్యాపెట్ సందు, అంటే వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఉండాల్సిన ఖాళీ, అయిపోయింది.

ట్యాపెట్లు అరిగితే సందు పెరుగుతుందని, టకటక శబ్దం వస్తుందని అందరికీ తెలుసు. శబ్దం వస్తే మెకానిక్కు దగ్గరికి పోతారు. కానీ ఎగ్జాస్ట్ వైపు తరచుగా జరిగేది దానికి తలకిందులు. వాల్వు కూర్చునే పీట వేడికి అరిగి, వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ అటువైపు పైకి పొడుచుకొస్తుంది, సందు తగ్గుతుంది. చప్పుడు ఏమీ ఉండదు. ఇంజను ఇంకా నిశ్శబ్దంగా, హాయిగా నడుస్తున్నట్టు ఉంటుంది! చల్లగా ఉన్నప్పుడు మిగిలిన కాస్త సందుతో వాల్వు మూసుకుంటుంది. వేడెక్కి కాడ సాగగానే ఆ సందు కూడా పోయి వాల్వు తెరిచే ఉంటుంది. నడుస్తున్నప్పుడు వేగం మీద లాగించేస్తుంది, తాడుతో తిప్పే వేగానికి మాత్రం చాలదు. పెట్రోలు తక్కువై నడిచిన ఇంజను మామూలు కంటే వేడిగా నడుస్తుంది. మీ మొదటి జబ్బు రెండోదాన్ని ముందుకు తోసి ఉండవచ్చు.

సర్దుకోవడం ఇలా. ఇంజను పూర్తిగా చల్లారాలి, రాత్రంతా ఉంచితే మంచిది. హెడ్డు మీది కవరుకు నాలుగు బోల్టులు. ప్లగ్గు తీసి, ఫ్లైవీలు మెల్లగా తిప్పుతూ ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని మూసుకున్న తర్వాత పిస్టన్ పైకొచ్చే చోట ఆపండి. అప్పుడు రెండు రాకర్లూ వదులుగా ఉండాలి. ఉండకపోతే ఇంకో చుట్టు తిప్పండి. బైకు మెకానిక్కు దగ్గర సందు కొలిచే రేకులు, అదే ఫీలర్ గేజి, అరువు తెచ్చుకోండి. హోండా జీఎక్స్160కి ఇన్‌టేక్ 0.15 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.20, అటూ ఇటూ 0.02 వరకు ఫరవాలేదు. మీది దానికి నకలే అయినా పుస్తకం ఉంటే అందులోని అంకెనే పట్టుకోండి. లాక్ నట్టు వదిలి, సర్ది, గేజి రేకు కాస్త పట్టుగా కదిలేలా చేసి, లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు కదులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాడ మీద చిన్న టోపీ ఒకటి ఊరికే కూర్చుని ఉంటుంది. అది గడ్డిలో పడితే ఇక వెతుక్కోవడమే.

మిరప మడి

సునాబేడ ఫ్యాక్టరీలో మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు చూసిన చేతులు కదా, నీటి ఇంజను ఒక లెక్కా!

సునాబేడ ఫిట్టరు

అక్కడ తాడు లాగే పని ఉండేది కాదు. నడుముకు అదే నయం.

వంశధార ఒడ్డు

ఇన్‌టేక్ సరిగ్గానే ఉంది. ఎగ్జాస్ట్ వైపు అన్నిటికన్నా పలుచని రేకు, 0.05 కూడా దూరలేదు. 0.20కి సర్దాను. ఎండలో నడిపి, ఆపి, వెంటనే తాడు లాగితే అంటుకుంది. మళ్లీ ఆపి లాగినా అంటుకుంది. మాస్టారూ, టీచరమ్మా, అందరికీ దండాలు. నారుకు నీళ్లు పారుతున్నాయి.

ఇలా సర్దుకుంటూ పోతే ఎన్నాళ్లు వస్తుంది?

సునాబేడ ఫిట్టరు

ఓ ఇరవై గంటలు నడిచాక మళ్లీ కొలవండి. అలాగే ఉంటే ఏడాదికోసారి చూస్తే చాలు. త్వరగా తగ్గిపోతుంటే పీట దిగిపోతోందని అర్థం. హెడ్డు విప్పి వాల్వు నూరించాలి, అప్పటికీ ఆగకపోతే హెడ్డు మార్చాలి. ఆ పని మెకానిక్కుకే వదలండి.

రాయగడ స్పేర్స్

మాస్టారూ, ఒప్పుకున్నాను. కాయిల్ అడిగి వచ్చేవాళ్లలో సగం మందికి ముందు ఆ వేడి రవ్వ పరీక్ష చేసుకు రమ్మని చెబుతాను, కొట్టు మూసుకోవాల్సి వచ్చినా సరే. ఒక్క మాట మాత్రం నిలబడుతుంది. పరీక్షలో రవ్వ రాకపోయినా వెంటనే కాయిల్ కొనకండి. కాయిల్ నుంచి ఆయిల్ సెన్సరుకూ ఆఫ్ స్విచ్చికీ పోయే వైర్లు ఊడదీసి మళ్లీ చూడండి. వానాకాలంలో స్విచ్చిలోకి తేమ చేరి షార్టు అవడం మామూలు. కాయిల్‌కూ ఫ్లైవీలు అయస్కాంతానికీ మధ్య తుప్పు ఉంటే గీకి, రెండింటి మధ్యా విజిటింగ్ కార్డు పెట్టి బోల్టులు బిగించి కార్డు లాగేయండి. ఆ సందు 0.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి.

ప్రాణహిత

పంట అయిపోయాక ఎలా పెట్టాలో కూడా ఎవరైనా రాయండి. వచ్చే ఏడాది మళ్లీ ఇక్కడికే రాకుండా.

మంచుబండి హవల్దారు

మేం స్కూటర్లకు చేసినట్టే. ట్యాంకు ఖాళీ చేసి, కాక్ మూసి, గిన్నెలో పెట్రోలు అయిపోయి తనంతట తాను ఆగే దాకా నడపండి, తర్వాత గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ కూడా వదలండి. పాత ఆయిల్ తీసి కొత్తది పోయండి, పాతదానిలోని ఆమ్లాలు లోపల కూర్చుని తింటాయి. ప్లగ్గు తీసి చెంచాడు ఇంజను ఆయిల్ సిలిండర్లో పోసి, తాడు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. చివరగా తాడు బరువుగా తగిలే చోట ఆపి వదిలేయండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. పంపులో నీళ్లు వంచేయండి. సైలెన్సరు నోటికి గుడ్డ కుక్కండి. ఎర్ర గుడ్డ అయితే తీయడం మర్చిపోరు.

మిరప మడి

కలుపు తీసే మిషనుకు కూడా ఇదే వరసా? దాని గేరుబాక్సు ఆయిల్ వేరా?

సునాబేడ ఫిట్టరు

ఇంజను వరకు ఇదే. గేరుబాక్సుకు వేరే ఆయిల్, చాలావాటికి 80డబ్ల్యూ-90, మీ మిషను పుస్తకం చూసి పోయండి. పళ్ల ఇరుసుకు చుట్టుకున్న గడ్డీ దారాలూ కోసి తీసేశాకే ఆయిల్ సీలు కారుతోందా లేదా చూడండి. మిగతావి కొత్త చర్చగా పెట్టండి, ఇది నీటి ఇంజను వాళ్లకు ఉండనివ్వండి.